కర్ణభేరికి వినపడే భాష

వీరభద్రపట్నం నగరపాలక సంస్థలో ప్రతి సోమవారం జరిగే ఫిర్యాదుల దినాన్ని ఎత్తేయాలన్న ఆలోచన, ఎవరో ముసలావిడ సీసాడు కుళాయి నీళ్లు తెచ్చి అదనపు కమిషనర్ గారి బల్లమీద పెట్టి, "ఒక్క గుక్క తాగి చూడండి బాబూ" అన్న రోజున పుట్టింది.

నీళ్లు టీ రంగులో ఉన్నాయి. అదనపు కమిషనర్ గొట్టుముక్కల విశ్వనాథరాజు గారు కళ్లజోడు సవరించుకుని సీసాని చూశారు గానీ ముట్టుకోలేదు. కమిషనర్ పోస్టు ఖాళీగా ఉండటంతో ఊరి బరువంతా ఆయన నెత్తినే ఉంది. ఆ సాయంత్రం జరిగిన సమావేశంలో ఆయన ఎంతో ఆవేదనపడ్డారు.

"ప్రజలు తమ సమస్యలను మోసుకొని ఇంతదూరం రావలసిన దుస్థితి ఏల కలుగుచున్నది? సమస్య వద్దకే పాలన పోవలెను కదా?"

పోవాలని అందరూ ఒప్పుకున్నారు. ఎవరూ కుర్చీలోంచి లేవకుండా పాలన సమస్య దగ్గరికి పోయే ఉపాయం ఒకటి అప్పటికే మార్కెట్లో దొరుకుతోంది. జనం ఏ బాధ ఉన్నా ముందు ఫోన్లో రాసుకుంటారు. ఆ రాతలన్నిట్లో వెతికి, అందులో నగరపాలక సంస్థకి సంబంధించిన ఫిర్యాదులు ఏరి, ఏ విభాగానికి చేరాల్సింది ఆ విభాగానికి పంపే పరికరం అది. వెతికేది మనుషులు కాదు, ఏజెంట్లు. అంటే కంప్యూటర్లో ఉండి, ఒకసారి పని చెబితే తమంతట తామే చేసుకుపోయే కృత్రిమ మేధ. పరికరం కొన్నారు. దానికి 'కర్ణభేరి' అని పేరు పెట్టారు. ప్రారంభోత్సవం నాడు కంప్యూటర్‌కి కుంకుమ బొట్టు పెట్టారు.

పని మొదలెట్టబోతే తెలిసింది, ఏజెంట్లకి ఏమీ తెలియదని. పరికరం అమ్మిన కంపెనీ తరఫున ఇమ్రాన్ అనే ఇంజనీరు కుర్రాడు వచ్చి వివరంగా చెప్పాడు.

"సార్, వీటికి డాక్యుమెంటేషన్ రాయాలి. ఏం వెతకాలి, ఎలా వెతకాలి, దొరికితే ఏం చేయాలి అని. మీరు ఏది రాస్తే అది చేస్తాయి. రాయనిది చేయవు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అవి మీ మనసులో మాట పట్టుకోలేవు. కాగితం మీద మాటే పట్టుకుంటాయి."

"అదియే కదా ఆదర్శ ఉద్యోగి లక్షణము" అన్నారు రాజుగారు మురిసిపోతూ.

అలా డాక్యుమెంటేషన్ రాయడానికి కాంట్రాక్టు మీద వచ్చింది పెనుమాక సత్యవేణి. ముప్పై నాలుగేళ్ల మనిషి. అంతకుముందు ఒక మిక్సీల కంపెనీలో వాడకం పుస్తకాలు రాసేది. తడిచేత్తో ప్లగ్గు ముట్టుకోవద్దు, మూత పెట్టకుండా తిప్పొద్దు, పచ్చడి రుబ్బేటప్పుడు జారులో చెయ్యి పెట్టొద్దు అని రాసి రాసి, జనం ఏ తప్పు ఎలా చేస్తారో కనిపెట్టడం ఆమెకి బాగా అబ్బింది. ఇంటర్వ్యూలో రాజుగారు ఒకటే ప్రశ్న వేశారు.

"మిక్సీకి రాసినావు. దీనికి రాయగలవా?"

"ఆన్ చేస్తే తిరిగే దేనికైనా రాస్తానండి."

సత్యవేణి వారం తిరక్కుండానే రాసిచ్చింది. పేజీన్నర. ఆమె ఉండేది ఊరి చివర సున్నపు బట్టీల కాలనీలో. అక్కడి జనం ఫోన్లలో ఏం రాసుకుంటారో రోజూ చూస్తూనే ఉంటుంది కాబట్టి పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు.

'జనం ఫిర్యాదు అనే మాట వాడరు. ఏం బతుకురా ఇది అని మొదలెడతారు. అక్కడ ఆగి, ముందూ వెనకా చదువు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. నీళ్లు అనే మాటని ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, అన్ని రకాలుగానూ వెతుకు. తిట్టు కనబడితే వదిలేయకు, తిట్టు పక్కనే వీధి పేరు ఉంటుంది. అధికారులకి ధన్యవాదాలు అని రాసి పక్కన నవ్వే బొమ్మ పెడితే అవి ధన్యవాదాలు కావు. అంతా అద్భుతంగా ఉందని నలుగురు వరసగా ఒకే మాట రాస్తే, వాళ్లు మన ఆఫీసు వాళ్లేమో చూడు.'

ఇమ్రాన్ అది చదివి పగలబడి నవ్వాడు. "మేడమ్, ఇంత బాగా ఎవరూ రాసివ్వలేదు మాకు" అని, అధికారులందరి ముందూ సమావేశ మందిరంలో తెర దించి పరీక్షకి పెట్టాడు.

ఏజెంట్లు కాఫీలు చల్లారేలోపే ఊరంతా చదివేశాయి. తెర మీద జనం మాటలు ఏరులా పారాయి. చెత్తబండి రాక పండగ చేసుకుంటున్న పందులు. మూత లేని మురుగు గొయ్యిలో పడ్డ పెళ్లి బ్యాండు మేళగాడు. సున్నపు బట్టీల కాలనీ నీళ్లలో కంపు, కాలనీ పిల్లలకి వరసపెట్టి పచ్చకామెర్లు. ఆఖర్న ఎవరో రాసుకున్న మాట ఒకటి వచ్చి తెర మధ్యలో నిలబడింది: 'మనకి చుక్క లేదు గానీ రాజుగారి వీధిలో గేదెలు కూడా షవరు కింద స్నానం చేస్తన్నాయంట.'

హాల్లో ఎవరో దగ్గారు. రాజుగారు తెర ఎత్తేయమని సైగ చేశారు.

"పరికరము అత్యుత్సాహము కనబరచుచున్నది" అన్నారు. "డాక్యుమెంటేషన్‌లో లోపమున్నది. పునఃపరిశీలన సంఘమును నియమించవలెను."

సంఘంలో అధికార భాషా సమన్వయకర్త డాక్టర్ మల్లంపల్లి పురుషోత్తమాచార్యులు గారు ప్రధానం. ఆయన ఉద్యోగంలో చేరిన నాటి నించీ నగరపాలక సంస్థకి పరిభాష తయారుచేస్తున్నారు. పాదచారుల దారి మొదలు పారిశుధ్య శకటం దాకా ఆయన కట్టిన మాటలు లావుపాటి పుస్తకంగా అచ్చయి బీరువాలో ఉన్నాయి. ఆ బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మనిషి మెత్తన. పేజీన్నర చదివి నొచ్చుకున్నారు.

"అమ్మాయీ, ఇక్కడ 'వెతుకు' అన్నావు, 'చదువు' అన్నావు. ప్రభుత్వ పత్రంలో ఏకవచన సంబోధన కూడదమ్మా."

"అది యంత్రమండీ ఆచార్యులు గారూ."

"అయినా మన దగ్గర పనిచేస్తోంది కదా."

అప్పుడు ఏజెంటు హోదా ఏమిటన్న ప్రశ్న వచ్చింది. 'మీరు' అంటే గెజిటెడ్ స్థాయి ఇచ్చినట్టవుతుందని సిబ్బంది విభాగం అభ్యంతరం. 'నువ్వు' అంటే నాలుగో తరగతి కిందికి వస్తుంది, అప్పుడు వానాకాలం గొడుగు ఇవ్వాల్సొస్తుందని లెక్కల విభాగం భయం. మధ్యాహ్నం దాకా వాదించుకుని, చివరికి ఎవరినీ సంబోధించకుండా రాయడానికి ఒప్పందం కుదిరింది. 'వెతుకు' పోయి 'వెదకబడవలెను' వచ్చింది.

"ఇక ఫిర్యాదు అనగానేమి?" అన్నారు రాజుగారు. "పౌరసేవా నియమావళిని అనుసరించి, ఫిర్యాదునకు విషయము, సూచిక, ఫిర్యాదుదారు పేరు, డోరు నంబరు ఉండవలెను. ఆమోదిత పరిభాషలో ఉండవలెను. లేనిచో అది ఫిర్యాదు కానేరదు."

"మరేమవుతుందండీ?" అంది సత్యవేణి.

"కోపముతో వ్రాసిన, దూషణ. నవ్వుతూ వ్రాసిన, హాస్యము. ఏడ్చుచూ వ్రాసిన, వ్యక్తిగతము. ఈ మూడింటిలోను మనము జోక్యము చేసుకొనరాదు."

"సార్, మా కాలనీలో నీళ్లు రాకపోతే 'త్రాగునీటి సరఫరాలో అంతరాయము' అని ఎవరూ రాసుకోరండి."

"వ్రాయనిచో అంతరాయము లేనట్లే కదమ్మా" అన్నారు రాజుగారు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే ఆయనకి అలా తోచింది.

డాక్యుమెంటేషన్ పేజీన్నర నించి పెరిగి పెరిగి, బల్లమీద నిలబెడితే నిలబడేంత అయింది. సత్యవేణి రాసిన వాక్యాల్లో కామాలు కొన్ని మాత్రం అలాగే ఉన్నాయి. ఏజెంట్లు కొత్త ప్రతిని రెప్పపాటులో చదువుకుని, అందులో చెప్పినట్టే ఊరంతా వెతికి, చక్కగా జవాబిచ్చాయి: 'ఫిర్యాదులు: శూన్యము.'

రాజుగారు ఆ మాటని రెండుసార్లు చదివించుకున్నారు. మర్నాడు కూడా శూన్యమే. నెల గడిచినా శూన్యమే.

ఊరి నాలుగు కూడళ్లలోనూ ఆయన ఫొటోతో 'ఫిర్యాదు రహిత నగరం' అని హోర్డింగులు లేచాయి. ఒకటి సున్నపు బట్టీల కాలనీ మలుపులో, మురుక్కాలవ పక్కనే పాతారు. ఫిర్యాదుల దినం రద్దయి, ఆ హాల్లో సిబ్బందికి యోగా తరగతులు మొదలయ్యాయి.

శూన్యం మనిషికి ఔదార్యం తెచ్చిపెడుతుంది. రాజుగారు ఆ ఊపులో డాక్యుమెంటేషన్ చివర ఒక నిబంధన తన చేత్తోనే చేర్చారు. 'కర్ణభేరికి ఫిర్యాదు లభించిన యెడల, ఏజెంటు తానే పరిష్కారమును నిర్ణయించి సంబంధిత విభాగమునకు ఉత్తర్వు జారీచేయవలెను. సదరు ఉత్తర్వు మరునాటి లోగా అమలు జరుపబడవలెను. పై అధికారుల అనుమతి అవసరము లేదు. జాప్యము చేసిన ఉద్యోగిపై క్రమశిక్షణ చర్య గైకొనబడును.'

ఇది చదివి ఇమ్రాన్ కంగారుపడ్డాడు. "సార్, మధ్యలో ఒక మనిషి చూసి ఓకే చేయకపోతే..."

"చూచుటకు ఏమున్నదని?" అన్నారు రాజుగారు.

ఆ నెలలోనే సత్యవేణి పక్కింటి ఆదిలక్ష్మమ్మ మనవరాలు చిన్నారికి కామెర్లు వచ్చాయి. ఏడేళ్ల పిల్ల. కళ్లు, గోళ్లు పసుపు ముద్దలా అయి, చెరుకురసం కూడా ఇమడక మంచానికి అంటుకుపోయింది. ఆస్పత్రి నించి వచ్చి అరుగు మీద కూలబడ్డ ఆదిలక్ష్మమ్మ, గేటు తీస్తున్న సత్యవేణిని పిలిచింది.

"ఏవమ్మా, నువ్వు ఆ నీళ్లాఫీసులోనే కదా చేసేది. మా అల్లుడు రోజూ ఫోన్లో పెడతన్నాడు, తిట్టని తిట్టు లేదు. మీవోళ్లకి కనపడవా అయ్యి?"

సత్యవేణి చెప్పులు విప్పుతూ ఆగిపోయింది. కనపడతాయి, పిన్నీ, కానీ చూడకూడదని నేనే టైపు చేశాను అని ఎలా చెప్పడం?

"కనుక్కుంటాను" అని లోపలికి పోయింది. మిక్సీ పుస్తకంలో ఒక్క హెచ్చరిక తప్పు రాస్తే ఎవరి వేలో తెగుతుందని వణికిన మనిషి ఆమె.

శూన్యం కీర్తి రాజధాని దాకా పాకింది. ఉత్తమ నగర పురస్కారానికి పరిశీలకుల బృందం వస్తున్నట్టు కబురొచ్చింది. వాళ్లు ఒక్కటే కోరారు: కర్ణభేరి ఒక ఫిర్యాదుని పట్టుకుని పరిష్కరిస్తుంటే కళ్లారా చూడాలి.

ఆఫీసులో కలకలం రేగింది. చూపించడానికి ఫిర్యాదు లేదు. ఊరంతా గాలించినా ఆమోదిత పరిభాషలో బాధపడుతున్న మనిషి దొరకలేదు. ఉద్యోగుల చేత రాయిద్దామంటే, సొంత సంస్థ మీద ఫిర్యాదు చేయడం ప్రవర్తనా నియమాలకి విరుద్ధం. ఆలోచించగా ఆలోచించగా, ఆ నియమాలు వర్తించని మనిషి ఒకరు తేలారు. కాంట్రాక్టు మనిషి.

"ఏమ్మా సత్యవేణీ" అన్నారు రాజుగారు, మొదటిసారి కూర్చోమని సైగ చేస్తూ. "ఆఫీసు ఎదుటి వీధి దీపము వెలుగుటలేదని నీ ఫోనులో ఒక ఫిర్యాదు వ్రాయుము. దీపము మేమే తీసివేయుదుము. వారు వచ్చినప్పుడు పెట్టుదుము. అన్ని లక్షణములూ ఉండవలెను సుమా."

"ఉంటాయండి" అంది సత్యవేణి.

బృందం వచ్చింది. పూలగుత్తులు, జీడిపప్పు, తెర. అందరూ చూస్తుండగా సత్యవేణి ఒక మూల నించుని ఫోన్లో ఫిర్యాదు పెట్టింది. కర్ణభేరి వెంటనే గణగణ మోగింది. ఇన్నాళ్లకి దానికి ఒక మాట వినపడింది మరి. తెర మీద అక్షరాలు పరుచుకున్నాయి.

'విషయము: త్రాగునీరు - మురుగునీటి మిశ్రమము - ప్రజారోగ్యమునకు హాని - గురించి. సూచిక: పౌరసేవా నియమావళి. పై విషయమును పురస్కరించుకొని విన్నవించునది ఏమనగా, సున్నపు బట్టీల కాలనీ నందలి త్రాగునీటి గొట్టము మురుగు కాలువ గుండా పోవుచు, శిథిలమై, కలుషితమగుచున్నది. బాలబాలికలు కామెర్ల వ్యాధికి గురియగుచున్నారు...' కింద పెనుమాక సత్యవేణి అని పేరు, డోరు నంబరు.

రాజుగారి మొహంలో రంగు మారింది. ఆయన నోరు తెరిచేలోపే కర్ణభేరి ఉత్తర్వు వేసేసింది. నీటి విభాగం ఇంజనీరు జేబులో ఫోను మోగింది. ఆయన ఉత్తర్వు చూసి, క్రమశిక్షణ చర్య అన్న ముక్క చూసి, జీడిపప్పు పళ్లెం కింద పెట్టి లేచాడు.

"అద్భుతం!" అన్నాడు బృందం నాయకుడు. "మేమూ వస్తాం, పదండి."

ఆ మధ్యాహ్నానికే కాలనీలో గొయ్యి తవ్వారు. గొట్టం తుప్పుపట్టి చిల్లులు పడి, నిజంగానే మురుక్కాలవలో మునిగి ఉంది. బృందం వాళ్లు ముక్కులకి రుమాళ్లు అడ్డంపెట్టుకుని ఫొటోలు తీసుకున్నారు. మర్నాటికి కొత్త గొట్టం వేశారు. ఆదిలక్ష్మమ్మ కొత్త నీళ్లు బిందెలో పట్టి, వంగి అడుగు కనపడుతోందా అని చూసి, ఇంకెవరూ చూడకుండా కళ్లు తుడుచుకుంది.

రాజుగారు పురస్కారం అందుకున్నారు. శాలువా భుజం మీద ఉండగానే సత్యవేణిని పిలిపించారు.

"వీధి దీపమంటిని కదా."

"చీకట్లో రెండూ ఒకేలా కనపడ్డాయండి."

ఆమె కాంట్రాక్టు పొడిగించబడలేదు. ఆ సంగతి తెలిపే కాగితంలో ఆచార్యులు గారి పరిభాష దోషం లేకుండా వాడారు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే సత్యవేణి తలుపు తీసేసరికి అరుగు మీద జనం. చేపల బుట్టతో ఒకావిడ, ఆటో డ్రైవరు, సందు చివర టైలరు. కుళాయి ఎలా బాగయిందో ఆదిలక్ష్మమ్మ నోట కాలనీ అంతా వినేసింది.

"నీకు ఆ బాస వచ్చంటగదమ్మా. మా ఈదికి కూడా ఓ ముక్క రాసిపెట్టు."

సత్యవేణి రాసిపెట్టింది. మర్నాడు వాళ్ల వీధిలో కాలవ బాగయింది. ఆ మర్నాడు రెండు వీధుల వాళ్లొచ్చారు. అందరికీ రాయలేక, ఎలా రాయాలో నేర్పడం మొదలెట్టింది. ముందు విషయము, తర్వాత సూచిక, ఆ తర్వాత పై విషయమును పురస్కరించుకొని. జనం చకచకా పట్టుకున్నారు. ఫలితం కనపడితే ఏ భాషయినా నోటికి వస్తుంది.

ఊళ్లో మాట మారిపోయింది. ఆటోవాళ్లు "రహదారి శిథిలావస్థకు చేరుకొనినందున అటు రాజాలము" అంటున్నారు. రైతుబజారులో ఒకావిడ కూరగాయలబ్బాయితో, "సదరు వంకాయలు పుచ్చినవి, తక్షణమే చర్య గైకొనుము" అంది. సందులో ఒక పెళ్లాం మొగుణ్ణి "జాప్యమునకు కారణము తెలుపుము" అని గుమ్మంలో నిలబెట్టింది. బస్టాండు దగ్గర 'కర్ణభేరి కోచింగ్ సెంటర్' వెలిసింది, ఫలితాలకి గ్యారంటీ బోర్డుతో సహా.

నగరపాలక సంస్థలో మాత్రం కర్ణభేరి మోత ఆగలేదు. ఏజెంట్లకి అలుపు లేదు, ఉద్యోగులకి నిద్ర లేదు. ఇంజనీర్లు లుంగీల మీదే పరుగులు తీస్తున్నారు. యోగా తరగతులకి ఎవరూ రావడం లేదు, వంగడాలూ లేవడాలూ బయటే సరిపోతున్నాయి. ఊరు బాగుపడటం మొదలయింది. ఇంత ప్రమాదం ఊహించని రాజుగారు ఆచార్యులు గారిని పిలిచారు.

"పరిభాష మార్చివేయుడు. 'అంతరాయము' తీసివేసి మరొక కఠినమైన పదము పెట్టుడు. వారమునకొకమారు మార్చుచుండుడు. జనులకు అందకూడదు."

ఆచార్యులు గారు చేతులు కట్టుకుని, ఎన్నడూ లేనిది, ఎదురు చెప్పారు.

"కుదరదండీ. ముప్పై ఏళ్లుగా మాటలు కట్టాను. ఒక్కరు వాడలేదు. మా ఇంట్లో కూడా నవ్వుతారు. మొన్న చేపలమ్మే ఆవిడ 'పారిశుధ్య శకటము' అని రాసింది. శకటం! నేను కట్టిన మాట. కంప్యూటర్లో అది చూసి నేను... మార్చనండీ. మీరు నన్ను ఏం చేసుకున్నా సరే."

రాజుగారికి వేరే దారి కనపడలేదు. ప్రజలనే నేరుగా హెచ్చరిద్దామని ఒక ప్రకటన తయారుచేశారు. ఆచార్యులు గారు అందులో భాష మాత్రం దిద్దిపెట్టారు, అది ఆయన ధర్మం కాబట్టి. నగరపాలక సంస్థ ప్రకటనలు మామూలుగా కాగితాన్ని ఫొటో తీసి సోషల్ మీడియాలో పెడతారు. ఆ ఫొటోలు ఏజెంట్లు చదవవు. ఈసారి జనం ఒకరికొకరు పంపుకోవడానికి వీలుగా ఉండాలని అక్షరాలు టైపు చేసి పెట్టించారు.

'విషయము: అధిక ఫిర్యాదులు - అధికారికి కలుగుచున్న తీవ్ర ఇబ్బంది - నివారణ - గురించి. సూచిక: పౌరసేవా నియమావళి. పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, ఫిర్యాదుల తాకిడి వలన అదనపు కమిషనర్ వారి విధి నిర్వహణ దుర్భరముగా పరిణమించినది. సదరు ఇబ్బందిని తక్షణమే తొలగించవలెను.' కింద ఆయన పేరు, హోదా, కార్యాలయం డోరు నంబరు.

కర్ణభేరి గణగణ మోగింది. ఇంత లక్షణమైన ఫిర్యాదు దానికి అంతవరకూ దొరకలేదు.

ఏజెంటు దాన్ని శ్రద్ధగా చదివింది. ఫిర్యాదుదారు ఇబ్బంది ఏమిటి? విధి నిర్వహణ. తొలగించవలసినది ఏమిటి? ఇబ్బంది. సిబ్బంది విభాగానికి ఉత్తర్వు పోయింది: 'శ్రీ గొట్టుముక్కల విశ్వనాథరాజు గారిని వారి విధుల నుండి తక్షణమే విముక్తులను గావించవలెను.'

సిబ్బంది విభాగం సూపరింటెండెంటు ఆ ఉత్తర్వు చూసి, జాప్యము అన్న మాట చూసి, రాజుగారి గది వైపు చూసి, మళ్లీ జాప్యము అన్న మాట చూశాడు. సాయంత్రానికల్లా కాగితం టైపయింది. కారు తాళాలు, గది తాళాలు వెనక్కి తీసుకున్నారు.

ఇమ్రాన్ సత్యవేణికి ఫోన్ చేశాడు. నవ్వు ఆపుకోలేక మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. "మేడమ్... దాని తప్పేం లేదు మేడమ్... రాసినట్టే చేసింది..."

సత్యవేణి కూడా నవ్వింది. తర్వాత ఎందుకో నవ్వు ఆగిపోయింది.

రాజుగారు రాజధానికి ఫోన్ చేశారు. పురస్కారం పొందిన పరికరం ఇచ్చిన ఉత్తర్వుని కొట్టేసే అధికారం తమకి లేదన్నారు అక్కడి వాళ్లు. ఏదైనా ఉంటే కర్ణభేరి ద్వారానే రావాలన్నారు. ఆయన ఇంట్లో కూచుని ఫోన్లో చాలా ప్రయత్నం చేశారు. కోపంగా రాస్తే దూషణ కింద పోయింది. బతిమాలి రాస్తే వ్యక్తిగతం కింద పోయింది. జీవితమంతా ఇంకొకళ్లు రాసిన కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యి అది, సొంతంగా పైనించి కింది దాకా ఒక్కటి కూడా సరిగా కుదరలేదు.

ఒక ఆదివారం సాయంత్రం సత్యవేణి ఇంటి ముందు ఆటో ఆగింది. అరుగు మీద ఎప్పట్లాగే జనం ఉన్నారు. మలుపులో హోర్డింగు మీద చూసిన మొహమే ఆటో దిగుతుంటే ఆదిలక్ష్మమ్మ గుర్తుపట్టి నోరు తెరిచింది. చిన్నారి, ఇప్పుడు కళ్లలో పసుపు పోయి, ఒళ్లు తేలికపడి, తొక్కుడుబిళ్ల ఆడుతున్నదల్లా ఆగి చూసింది. రాజుగారు ఇస్త్రీ లేని చొక్కా వేసుకున్నారు. వరసలో అందరికన్నా వెనక నిలబడబోతే, చేపలావిడ జరిగి చోటిచ్చింది. సత్యవేణి లోపల్నించి కుర్చీ తెచ్చి వేసింది.

"చెప్పండి సార్. ఏమని రాయమంటారు?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "పై విషయమును..." అని మొదలెట్టి ఆగారు. మళ్లీ మొదలెట్టి మళ్లీ ఆగారు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

"పొద్దున్నే లేచి స్నానం చేసి తయారవుతున్నానమ్మా. ఎక్కడికెళ్లాలో తెలీడం లేదు. ఇంట్లో సెలవు పెట్టానని చెప్పాను. పార్కులో కూచుని వస్తన్నాను. ఒక్కడు ఫోనెత్తడు. మొన్నటి దాకా గుమ్మం ముందు పడిగాపులు పడ్డవాళ్లే. నేను చెప్పేది వినేవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు తల్లీ."

ఆయన నోట అలాంటి తెలుగు ఆ ఊళ్లో ఎవరూ విని ఉండలేదు. ఆదిలక్ష్మమ్మే ముందు తేరుకుంది.

"పాపం, అదే రాసెయ్యమ్మా. ఆయన చెప్పింది చెప్పినట్టు."

సత్యవేణి ఆయన వైపు చూసింది. ఆయన కూడా ఆశగా తల ఊపారు.

"అలా రాస్తే దానికి వినపడదు పిన్నీ" అంది సత్యవేణి, ఫోను చేతిలోకి తీసుకుని, 'విషయము' అని టైపు చేస్తూ. "డోరు నంబరు చెప్పండి సార్."